ఎవరి కరెంటో తూటాకు తెలియదు

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు దాటింది. నకరికల్లు అడ్డరోడ్డుకు అవతల కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పడమట మబ్బు పట్టింది. పట్టాలు కప్పడానికి జనం ఉరుకులు పరుగులు. టీకొట్టు చూరు కింద నిలబడ్డ కుర్రాడొకడు ఉరుము విని నన్నడిగాడు: "మాస్టారూ, తుపాకీ మీద పిడుగు పడితే పేలుద్దా?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన తీర్పు చెప్పేశాడు: "తుపాకీ సంగతి తర్వాతరా, ముందు దాన్ని పట్టుకున్నోడు పేల్తాడు."

పెద్దాయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ కుర్రాడికి జవాబు దక్కలేదు. పల్నాడులో పుట్టినవాడికి ఇలాంటి సందేహం రావడం వింతేమీ కాదు. కారంపూడిలో పల్నాటి యుద్ధం కత్తులతో జరిగింది. 2024 ఎన్నికలప్పుడు పేపర్లకెక్కింది పెట్రోలు బాంబులు. ఎనిమిది వందల ఏళ్ల ఈ ప్రయాణంలో తుపాకీకి ఇక్కడ పెద్ద పాత్ర దక్కలేదు. అందుకేనేమో దాని గురించి సందేహాలు అలాగే మిగిలిపోయాయి.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. డాక్టరు రాసిచ్చేది మందు, మిరపతోటకు కొట్టేది మందు, పొద్దుగూకాక కొందరు పుచ్చుకునేది మందు, తుపాకీలో కూరేదీ మందే. ఒక్క మాటతో నాలుగు పనులు చేయించుకుంటున్నాం. తూటా పరిస్థితీ అదే. పోలీసు తుపాకీలో ఉండేది తూటా, క్వారీలో రాతి బెజ్జంలోకి దించేదీ తూటాయే. పేరు ఒకటే గానీ వీటి చెవులు వేరు. మొదటిది దెబ్బకు పలుకుతుంది. రెండోది నిన్నమొన్నటి దాకా కరెంటుకు పలికేది. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. మన ప్రాంతానికి అసలు పట్టాల్సింది మాత్రం ఆ రెండో తూటా సంగతి.

దెబ్బకు పలికేది

తుపాకీ తూటాలో నాలుగు భాగాలుంటాయి. కొసన గుండు, దాని వెనక ఇత్తడి గొట్టం, గొట్టంలో మందు, అడుగున నడిమధ్య ఒక చిన్న లోహపు గిన్నె. ఆ గిన్నె పేరు ప్రైమరు. శనగబద్ద కంటే పెద్దగా ఉండదు. అందులో చిటికెడు కంటే తక్కువ రసాయనం ఉంటుంది. ఎక్కువగా వాడేది లెడ్ స్టిఫ్నేట్. ట్రిగ్గరు నొక్కితే తుపాకీలోని సూది వచ్చి గిన్నె అడుగున ఒక్క పోటు పొడుస్తుంది. గిన్నె సొట్టపోతుంది, లోపలి రసాయనం నలిగి నిప్పు కక్కుతుంది, ఆ నిప్పు మందుకు అంటుకుంటుంది, మందు కాలి పుట్టిన వాయువు గుండును ముందుకు తోస్తుంది. దీపావళికి పిల్లలు బొమ్మతుపాకీలో పెట్టి పేల్చుకునే బిళ్ల కూడా ఇదే పద్ధతి. కొడితేనే పలుకుతుంది.

ఇప్పుడు ఇందులోకి కరెంటు పంపామనుకుందాం. గొట్టం లోహం, గిన్నె లోహం, రెండూ ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. కరెంటు ఎక్కువగా సులువైన దారినే పోతుంది. ఈ విషయంలో దానికీ మనకూ తేడా లేదు. లోహం మీదుగా దారి ఉండగా లోపలి రసాయనంలోకి దూరాల్సిన అవసరం దానికి లేదు. పైగా నిప్పు పుట్టాలంటే ఎక్కడో ఒకచోట కరెంటు ఇరుకున పడి వేడెక్కాలి. పాత బల్బులో ఫిలమెంటు అలాగే వెలిగేది. మామూలు తూటాలో అలాంటి ఇరుకు తీగ ఎక్కడా లేదు.

తూటా గొట్టంలాంటి లోహపు పెట్టె బయట ఎంత విద్యుత్తు తాండవమాడినా లోపల నిశ్శబ్దంగానే ఉంటుందని మైఖేల్ ఫారడే 1836లో నిరూపించాడు. లోహపు పూత వేసిన గదిలో తనే కూర్చుని బయట నిప్పురవ్వలు రాలగొట్టించాడు. గాలివానలో పల్లెవెలుగు బస్సులో కూర్చున్నవాళ్లను పిడుగు నుంచి కాపాడేదీ ఈ సూత్రమే. బస్సు మీద పిడుగు పడితే కరెంటు పైరేకు మీదుగా పక్కలకు జారి నేలలోకి దిగిపోతుంది. కిటికీ కమ్మీ పట్టుకోకుండా ఉంటే చాలు.

తూటా కరెంటుకు పలకదన్న మాటకు రెండు మినహాయింపులున్నాయి. మొదటిది, ప్రైమరు రసాయనం గిన్నెలో బిగించకముందు పొడిగా విడిగా ఉన్నప్పుడు మహా సున్నితం. నైలాను చొక్కా విప్పుతుంటే చిటపటలాడే రవ్వ కూడా దాన్ని రేపగలదు. అందుకే అలాంటి ఫ్యాక్టరీల్లో గాలిలో తేమ తగ్గనివ్వరు, నేలకు ఎర్తింగు చేస్తారు, ఒంట్లోని విద్యుత్తు నేలకు దిగిపోయే చెప్పులు తొడిగిస్తారు. రెండోది వేడి. ఇప్పటి తూటాల్లోని మందు దాదాపు 170 డిగ్రీలు దాటితే దెబ్బతో నిమిత్తం లేకుండా తనంతట తానే అంటుకుంటుంది. పిడుగు నేరుగా తుపాకీ మీదే పడి ఉక్కును అంతగా కాలిస్తే తూటా పేలవచ్చు. అప్పటికి పెద్దాయన చెప్పిన మాట ఎలాగూ నిజమై ఉంటుంది.

తుపాకీకి కరెంటు నేర్పినవాళ్లు

మనిషి ఊరుకోడు. దెబ్బకు పలికే వస్తువుకు కరెంటు భాష కూడా నేర్పాడు. అమెరికా యుద్ధవిమానాల్లో ఉండే ఆరు గొట్టాల వల్కన్ తుపాకీ నిమిషానికి 6,000 తూటాలు కాలుస్తుంది. ఆ వేగంలో సూది వచ్చి కొట్టి వెనక్కి పోవాలంటే తీరిక ఉండదు. అందుకే దాని 20 మిల్లీమీటర్ల తూటాలకు కరెంటుతో రేగే ప్రైమర్లు పెట్టారు. వేట తుపాకీలోనూ ఈ ముచ్చట తీర్చుకుందామని రెమింగ్టన్ కంపెనీ 2000లో ఈట్రానెక్స్ అనే రైఫిలు తెచ్చింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ వేస్తేనే అది పేలుతుంది. వేటకు పోయేవాడు బ్యాటరీ అయిపోయిందేమోనని చూసుకోవాల్సి రావడం జనానికి నచ్చలేదు. కొన్నేళ్లకే అది మూతపడింది.

కరెంటు దొడ్డిదారిన కూడా రావచ్చు. ఎమ్మారై స్కానింగు యంత్రం లోపల ఉండేది తీగచుట్ట. ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీల దిగువన, ఆ తీగలో కరెంటు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దానివల్ల పుట్టే అయస్కాంతం భూమి అయస్కాంతం కంటే దాదాపు 30 వేల రెట్లు బలమైనది. 2000లో న్యూయార్క్ రాష్ట్రంలో డ్యూటీలో లేని ఒక పోలీసు తన పిస్తోలుతో ఆ గదిలోకి వెళ్లాడు. యంత్రం దాన్ని చేతిలోంచి లాక్కుంది. సేఫ్టీ వేసి ఉన్నా పిస్తోలు యంత్రానికి గుద్దుకుని పేలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. 2023 జనవరిలో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒక లాయరు నడుముకు పిస్తోలుతో తల్లికి తోడుగా స్కానింగు గదిలోకి వెళ్లాడు. లోహాలు తీసేయమని ముందే చెప్పారు. ఆయన తీయలేదు. పొట్టలోకి గుండు దిగి కొన్ని వారాలకు చనిపోయాడు. ఈ రెండు చోట్లా కరెంటు తూటాను ముట్టుకోనే లేదు. ఇనుమును లాగింది, అంతే.

కాబట్టి లైసెన్సు తుపాకీ ఉన్నవారికి ఒకటే మాట. కరెంటు స్తంభానికి భయపడే పని లేదు గానీ స్కానింగు సెంటరుకు పోయేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లో తాళంలో పెట్టి వెళ్లండి. ఇక తుపాకీని వదిలేద్దాం.

కరెంటుకు పలికేది

నకరికల్లు నుంచి నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుని పోతే వచ్చే పెద్ద ఊరు పిడుగురాళ్ల. పేరులోనే పిడుగూ ఉంది, రాళ్లూ ఉన్నాయి. మన వ్యాసానికి కావలసిన రెండు పాత్రల్నీ ఆ ఊరు ఎప్పుడో పేరులో పెట్టుకుంది. సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు సున్నపురాయి గనులు, మాచర్లలో 1958 నుంచి నడుస్తున్న కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ, ఎటు చూసినా నాపరాయి. ఈ నేలలో రాతిని కదిలించకుండా ఏ పనీ జరగదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రపంచంలోని అతి పెద్ద రాతి కట్టడపు డ్యాముల్లో ఒకటి. 2018 నవంబరులో గోదావరి, పెన్నా నదుల్ని కలిపే పథకానికి నకరికల్లులోనే శంకుస్థాపన జరిగింది. గోదావరి నీళ్లు ఇంకా రాలేదు గానీ, వచ్చేటప్పుడు కాలవ కోసం రాయి పగలాల్సిందే.

రాతికి బెజ్జం వేసి అందులో కూరే జిలెటిన్ మొండి సరుకు. నిప్పు పెట్టినా కాలుతుందే గానీ అంత తేలిగ్గా పేలదు. దాన్ని లేపడానికి గట్టిగా ఒక కుదుపు కావాలి. ఆ కుదుపునిచ్చేది డిటోనేటరు. పెన్సిలు మందం, వేలు పొడవు లోహపు గొట్టం. ఎలక్ట్రిక్ డిటోనేటరైతే దాని నుంచి రెండు తీగలు బయటికి వస్తాయి. లోపల ఆ రెంటినీ కలుపుతూ వెంట్రుకలాంటి సన్నని తీగ ఉంటుంది. మామూలు తూటాలో లేదని చెప్పుకున్న ఇరుకు తీగ ఇదే. దూరం నుంచి కరెంటు పంపితే అది ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న రసాయనం రేగుతుంది. మిగతా పని క్షణంలో వెయ్యోవంతులో అయిపోతుంది.

పాతకాలంలో నిప్పు ఒత్తి అంటించి పరుగెత్తేవాళ్లు. ఒత్తి ఎంత పొడవుందో, మనిషి ఎంత వేగంగా పరుగెత్తగలడో లెక్క కుదరాలి. లెక్క తప్పినవాళ్లు మళ్లీ లెక్క వేయడానికి మిగిలేవాళ్లు కాదు. కరెంటు వచ్చాక పేల్చేవాడు దూరంగా నిలబడి, అందరూ తప్పుకున్నారని చూసుకుని, తను ఎంచుకున్న క్షణంలోనే పేల్చగలిగాడు. అదొక గొప్ప మేలు. దాన్ని ఒప్పుకోకుండా తరవాతి కథ చెప్పడం న్యాయం కాదు.

ఈ మేలు తెలుగువాళ్ల ముంగిట్లోనే తయారైంది కూడా. 1961లో పుట్టిన ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్ కూకట్‌పల్లిలో ఫ్యాక్టరీ పెట్టింది. అప్పట్లో అది ఊరికి దూరం. తరవాత హైదరాబాదే దాని మీదికి నడిచి వచ్చింది. అక్కడి ఐడీఎల్ చెరువులో ఏటా వినాయకుణ్ణి నిమజ్జనం చేసేవారిలో ఎంతమందికి ఆ మూడక్షరాల నడిమి డి అంటే డిటోనేటరని తెలుసో మరి.

పిలవని పేరంటాలు

ఎలక్ట్రిక్ డిటోనేటరు మంచి పనివాడే. ఒక్కటే లోపం. పిలిచింది ఎవరని చూడదు. కరెంటు వస్తే చాలు, పలుకుతుంది. పేల్చే మేస్త్రి మీట నొక్కి పంపాడా, పక్కపొలం మోటారు నుంచి నేలలోకి కారి వచ్చిందా, ఆకాశం నుంచి ఊడిపడిందా దానికి అనవసరం.

ఎంత కరెంటు దాకా పర్వాలేదు? డిటోనేటర్ల దరిదాపుల్లో దారితప్పి తిరిగే కరెంటు 50 మిల్లీఆంపియర్లు దాటకూడదన్నది బ్లాస్టింగు పనిలో పాటించే హద్దు. ఇంట్లో తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఒక్క చిన్న బల్బు వెలిగేంత కరెంటు దగ్గరికే హద్దు అయిపోతుంది.

ఆ మాత్రం కరెంటు ఎక్కడెక్కడి నుంచి వస్తుంది? పల్నాడు రైతుకు వేరే చెప్పాలా? వానాకాలంలో స్టార్టరు డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం ప్రతి ఊళ్లో ఎవరో ఒకరికి అనుభవమే. ఎర్తింగు సరిగా లేని మోటారు, తొడుగు ఊడిన కేబులు నేలలోకి కరెంటు వదులుతాయి. రాతి పొరలో లోహ ఖనిజమో తడో ఉంటే అది చాలా దూరం పాకుతుంది. పైన హైటెన్షన్ లైను పోతుంటే దాని కింద పరిచిన పొడుగాటి తీగల్లో, లైనును తాకకపోయినా, కొంత కరెంటు పుడుతుంది. డిటోనేటరు తీగలు రేడియోకు ఏరియల్‌లా కూడా పనిచేస్తాయి. క్వారీ గేటు దగ్గర వాకీటాకీలు, సెల్‌ఫోన్లు ఆపేయమని బోర్డు పెట్టేది అందుకే. చాలామంది ఆ బోర్డును ఫోన్లో మాట్లాడుకుంటూనే చదువుతారు. ఇక ఎండకాలపు పొడిగాలిలో మనిషి ఒంట్లో పోగయ్యే విద్యుత్తు సంగతి ముందే చెప్పుకున్నాం.

వీటికి విరుగుడు కూడా ఉంది. పేల్చే క్షణం దాకా డిటోనేటరు రెండు తీగల కొసలూ ఒకదానికొకటి మెలిపెట్టి ఉంచుతారు. అప్పుడు బయటి కరెంటుకు ఆ మెలిక దగ్గరే దగ్గరిదారి దొరుకుతుంది, లోపలికి పోదు. ఈ మెలిక విప్పడమన్నది బ్లాస్టింగు పనిలో అన్నింటికంటే చివరిది. దాన్ని ముందే విప్పిన తొందర ఎంత ఖరీదైనదో కాసేపట్లో చూద్దాం.

అన్నింటికీ పెద్ద పిడుగు. మామూలు పిడుగులో 30 వేల ఆంపియర్లుంటాయి. 50 మిల్లీఆంపియర్ల హద్దుకు ఇది 6 లక్షల రెట్లు. డిటోనేటరు మీదే పడక్కర్లేదు. ఎక్కడో పడి నేల గుండా పాకినా, గాలిలోనే మెరిసి తీగల్లో కరెంటు పుట్టించినా సరిపోతుంది. ఇది అరుదనుకోవడానికీ లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ వాళ్లు లెక్కపెట్టారు.

లోకం నేర్చుకున్న తీరు

పిడుగుకూ మందుకూ పడదని లోకం చాలా ఖర్చుపెట్టి తెలుసుకుంది. 1769లో ఇటలీలోని బ్రెషియాలో ఒక చర్చిలో నిల్వచేసిన తుపాకి మందు మీద పిడుగు పడింది. ఊళ్లో పెద్ద భాగం నేలమట్టమైంది. దాంతో ఇంగ్లండువాళ్లు ఉలిక్కిపడి పర్‌ఫ్లీట్‌లోని తమ మందు గిడ్డంగిని ఎలా కాపాడుకోవాలో చెప్పమని 1772లో పండితుల సంఘం వేశారు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. మొన తేలిన లోహపు కడ్డీలు పెట్టమన్నారు. ఒకాయన మాత్రం మొన కాదు, గుండు ఉండాలని పట్టుబట్టాడు. 1777లో అక్కడ పిడుగు పడి కాస్త ఇటుక రాలింది. ఆ లోపు అమెరికా తిరగబడింది, ఫ్రాంక్లిన్ శత్రువయ్యాడు. మూడో జార్జి రాజుగారు గుండు కడ్డీల పక్షం వహించారు. పిడుగు మాత్రం రాజకీయాలు చూసుకుని పడదు.

1926 జులై 10న అమెరికాలోని న్యూజెర్సీలో లేక్ డెన్మార్క్ నౌకాదళ ఆయుధాగారం మీద పిడుగు పడింది. గిడ్డంగులు ఒకదాని వెంట ఒకటి పేలాయి. దాదాపు ఇరవై మంది పోయారు. పేలుడు పదార్థాలను ఊరికి, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉంచాలో చూసే శాశ్వత బోర్డును 1928లో ఏర్పాటు చేసింది ఆ దెబ్బతోనే.

మెలిక ముందే విప్పిన తొందరకు సాక్ష్యం 1967ది. ఆ ఏడు ఆగస్టు 4న ఇందిరాగాంధీ మన నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. సరిగ్గా ఆరు రోజుల ముందు, జులై 29న, వియత్నాం దగ్గర సముద్రంలో ఫారెస్టల్ అనే అమెరికా విమానవాహక నౌక మీద ఒక పైలట్ తన విమానాన్ని బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకు మార్చాడు. ఆ మార్పిడిలో ఒక్క క్షణం కరెంటు ఎగసింది. రెక్క కింది జూనీ రాకెట్టు దాన్ని తనకొచ్చిన ఆజ్ఞ అనుకుని దూసుకుపోయి ఎదుటి విమానపు ఇంధన ట్యాంకును కొట్టింది. మంటలు బాంబులకు అంటుకుని 134 మంది చనిపోయారు. మామూలుగా అయితే విమానం ఎగిరే చోటికి వచ్చాకే రాకెట్టుకు కరెంటు తీగ కలపాలి, సేఫ్టీ పిన్ను తీయాలి. టైము కలిసొస్తుందని ముందే కానిచ్చారు. కలిసొచ్చింది కొన్ని నిమిషాలే.

సాగర్ నీళ్లు వదిలిన సరిగ్గా అయిదేళ్లకు, 1972 ఆగస్టు 4న, ఇంకో విచిత్రం. ఉత్తర వియత్నాం తీరంలో అమెరికా చల్లిన సముద్రపు మందుపాతరలు పైన ఓడేదీ లేకుండానే అర నిమిషంలో రెండు డజన్ల దాకా పేలిపోయాయి. ఓడ ఇనుము దగ్గరికి వస్తే అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టి పేలే రకమవి. ఆ రోజు సూర్యుడి మీద తుపాను లేచింది. దాని ధాటికి భూమి అయస్కాంతం ఊగింది. అది ఓడ కాదు, పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలోని సూర్యుడని మందుపాతరలకు తెలియలేదు.

ఈ కథలన్నిటిలోనూ తప్పు చేసిన వస్తువు ఒక్కటీ లేదు. రాకెట్టు, మందుపాతర, డిటోనేటరు ప్రతిదీ తనకు నేర్పిన పని తూచా తప్పకుండా చేసింది. ఎవరు చెబితే చెయ్యాలో మాత్రం వాటికెవరూ నేర్పలేదు.

ఏప్రిల్ 1

ఆ నేర్పడమే ఇప్పుడు మన దేశంలో జరుగుతోంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ డిటోనేటర్ల తయారీని, దిగుమతిని, దగ్గర పెట్టుకోవడాన్ని 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. తారీఖు చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నవాళ్లు ఉండొచ్చు గానీ ఇది ఉత్తుత్తి మాట కాదు. ప్రమాదాలు ఒక కారణమైతే, దొంగచేతుల్లో పడితే చిన్న బ్యాటరీతో దుర్వినియోగమవుతాయన్నది ఇంకో కారణం.

వాటి స్థానంలో రెండు రకాలున్నాయి. ఒకటి స్వీడన్‌లోని నైట్రో నోబెల్ కంపెనీవాళ్లు 1970ల్లో బజారుకు తెచ్చిన నోనెల్. పేరులోనే కరెంటు లేనిదని ఉంది. తీగ బదులు సన్నని ప్లాస్టిక్ గొట్టం, దాని లోగోడకు పౌడరు పూసినంత పల్చగా పేలుడు పొడి. ఒక కొసన రేపితే లోపల సెకనుకు దాదాపు 2,000 మీటర్ల వేగంతో అల పరుగెడుతుంది. గొట్టం చెక్కుచెదరదు. ప్లాస్టిక్కులో కరెంటు పారదు కాబట్టి పక్కపొలం మోటారు దీన్ని ఏమీ చేయలేదు. అంటే ఈ డిటోనేటరుకు కరెంటు విషయంలో చెవులు మూసేశారు.

రెండోది ఎలక్ట్రానిక్ డిటోనేటరు. పేరు పాతదానికి దగ్గరగా ఉంది గానీ బుద్ధి వేరు. లోపల చిప్పు ఉంటుంది, ప్రతిదానికీ సొంత నంబరు ఉంటుంది. తన యంత్రం నుంచి సరైన సంకేతం అంకెలతో సహా వస్తేనే పలుకుతుంది. ఉత్త కరెంటు తలుపు తడితే తీయదు. ఎన్ని మిల్లీసెకన్ల తేడాతో ఏ బెజ్జం పేలాలో ముందే నిర్ణయించుకోవచ్చు కాబట్టి రాయి పద్ధతిగా పగులుతుంది, చుట్టుపక్కల ఇళ్లకు అదురూ తగ్గుతుంది. క్వారీ పక్క ఊళ్లలో గోడలు నెర్రెలిచ్చాయని ఏళ్లుగా మొత్తుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఖరీదు మాత్రం ఎక్కువే. చిన్న క్వారీవాళ్లు గొణిగేది దాని గురించే.

అయినా మిగిలేది

నిషేధంతో అంతా కుదిరిపోయిందనుకుంటే పొరపాటు. నేరుగా పడే పిడుగుకు ఎదురు నిలిచే డిటోనేటరు ఇంతవరకు లేదు. దారితప్పిన కరెంటుకు చెవులు మూయగలిగారు గానీ, 30 వేల ఆంపియర్లు పైన పడ్డాక వచ్చే వేడికీ కుదుపుకీ ప్లాస్టిక్కూ చిప్పూ ఒకటే. అందుకే ఏ రకం వాడినా పాత నియమం అలాగే ఉంది. ఉరుము వినబడితే తూటాలు దించడం ఆపాలి. దించినవాటిని అక్కడే వదిలి మనుషులు దూరం పోవాలి, మబ్బు విడిపోయేదాకా రాకూడదు.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లుంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో పడినట్టు. అంతకంటే తగ్గితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఉరిమినప్పుడు మన పెద్దవాళ్లు అర్జునుడి పది పేర్లు తలుచుకునేవారు. గడియారం లేనిచోట అది లెక్కకు పనికొస్తుంది గానీ, పది పేర్లకు 30 సెకన్లు పట్టవు. మెరవగానే మొదలుపెడితే పదో పేరు దాటాక ఉరిమినా, అర్జునుడిని తలుచుకుంటూనే లోపలికి నడవడం మేలు.

రెండో సంగతి, కొత్త డిటోనేటరు పాత అలవాట్లను మార్చదు. 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఒడిశా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర జిలెటిన్ దింపుతుండగా పేలి పదిమంది పోయారు. ఈ రెండు చోట్లా మాటకొచ్చింది నిల్వ, దింపుడు, మనిషి చేతి పని. డిటోనేటర్లూ జిలెటినూ ఒకే బండిలో వేసుకొచ్చే తొందరకు, లైసెన్సు ఒకరిది పని ఇంకొకరిది అనే సర్దుబాటుకు ఏ చిప్పూ విరుగుడు కాదు.

కుర్రాడికి ఆ రోజు ఇంత చెప్పలేదు. వాన మొదలైంది, వాళ్ల నాన్న కల్లంలో పట్టా పట్టుకోమని కేకేశాడు. పోయేముందు వాడికి చెప్పింది ఒక్కటే, మీకూ అదే చెబుతున్నాను. నిషేధం వచ్చినంత మాత్రాన ఇన్నేళ్లుగా ఈ నేలలో పేలకుండా మిగిలిపోయినవి మాయం కావు. పాత క్వారీ గుంటల్లో, కాలవ తవ్వకాల మట్టిలో, ఇనుప సామాను కొట్టులో రెండు రంగుల తీగలున్న వేలెడు లోహపు గొట్టం కనబడితే చేత్తో ముట్టుకోవద్దు. తీగలు లాగవద్దు, రాగి కోసం ఒలవవద్దు, వెలుగుతుందేమో చూద్దామని బ్యాటరీకి అసలే తగిలించవద్దు. పిల్లల్ని దూరంగా పంపి, 112కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా వంద అడుగులు వెనక్కి నడిచాకే.